తలకిందులుగా పడుతున్న ఆ మనిషి ఎవరు? ఆ ప్రింటు పాతదేనా?

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మిగతా వాళ్లకు కూడా అర్థం కావాలి కాబట్టి క్లుప్తంగా మళ్లీ చెప్తాను. మీరు నెదర్లాండ్స్‌లో ఉద్యోగం చేస్తున్నారు. పాత సామాన్ల సంతలో 40 యూరోలకు ఒక గుండ్రటి నలుపు తెలుపు బొమ్మ కొన్నారు. వెడల్పు దాదాపు జానెడున్నర. అందులో ఒక నగ్న పురుషుడు ఆకాశం నుంచి తలకిందులుగా పడుతున్నాడు. చేతులకు ఈకలు కట్టి ఉన్నాయి. వెనక దూరంగా రెక్కలతో ఎగురుతున్న మరో మనిషి. అంచు వెంబడి లాటిన్ అక్షరాలు, ఒకచోట హెచ్, జి అనే రెండు అక్షరాలు కలిసిపోయిన గుర్తు. చూడగానే త్రిశంకుడు గుర్తొచ్చాడట మీకు. ఈయన ఎవరు, ఒళ్లంతా ఆ కండలేమిటి, ఇది నిజంగా పాతదా లేక పుస్తకంలోంచి చింపిన పేజీయా, ఫ్రేము కట్టించుకోవచ్చా అని అడిగారు.

నేను ఫైన్ ఆర్ట్స్ కాలేజీలో ముప్పై ఏళ్లు ప్రింట్‌మేకింగ్ నేర్పాను. రాగి రేకు మీద చెక్కడం పుస్తకాల్లో చదివింది కాదు, చేతులతో చేసిన పని. అందుకే నాకు కథ కంటే గీత మీదే ధ్యాస ఎక్కువ. కానీ మీరు ముందు అడిగింది కథ. అక్కడి నుంచే వస్తాను.

ఆయన పేరు ఇకారస్. రోమన్ కవి ఓవిడ్ రెండు వేల ఏళ్ల కిందట రాసిన 'మెటమార్ఫొసెస్' ఎనిమిదో భాగంలో ఈ కథ ఉంది. వెనక ఎగురుతున్నది తండ్రి డెడలస్. క్రీట్ ద్వీపంలో రాజు మినోస్ దగ్గర చిక్కుకుపోయిన శిల్పి అతను. నేలా నీరూ రాజు చేతిలో ఉన్నాయి, ఆకాశం లేదు కదా అని ఈకలు పేర్చి, దారంతో, మైనంతో అతికించి తనకూ కొడుక్కూ రెక్కలు చేశాడు. మరీ కిందికి పోతే నీటి తడికి రెక్కలు బరువెక్కుతాయి, మరీ పైకి పోతే ఎండకు కాలిపోతాయి, మధ్యలో నా వెంటే రా అని చెప్పాడు. పిల్లవాడు ఎగరడంలో ఉన్న సంతోషంలో పైపైకి పోయాడు. మైనం కరిగింది. వట్టి చేతులు ఆడించాడు, గాలి దొరకలేదు. తండ్రిని పిలుస్తూ ఉండగానే నోటినిండా సముద్రం. ఆ నీళ్లకే ఇకారియన్ సముద్రం అని పేరొచ్చింది.

మీకు త్రిశంకుడు గుర్తు రావడం సహజమే. ఇంద్రుడు తోసేస్తే తలకిందులుగా పడుతూ విశ్వామిత్రుణ్ని కేకేసిన రాజు ఆయన. కానీ ఇకారస్‌కు మన కథల్లో ఇంకా దగ్గరి చుట్టం సంపాతి. సూర్యుడి దాకా ఎగిరి రెక్కలు కాల్చుకున్న పక్షి. తేడా ఎక్కడంటే, సంపాతి రెక్కలు కాలింది తమ్ముడు జటాయువుకు ఎండ తగలకుండా అడ్డం పెట్టినందుకు. అందుకే ఆయన బతికి, ఎన్నో ఏళ్ల తరవాత వానరులకు సీత జాడ చెప్పాడు. ఇకారస్‌కు ఆ రెండో అవకాశం రాలేదు.

మీ బొమ్మ ఒంటరిది కాదు. నాలుగు గుండ్రటి ప్రింట్ల వరసలో ఒకటి. హార్లెమ్ పట్టణానికి చెందిన చిత్రకారుడు కార్నెలిస్ కార్నెలిజ్ కల్పించిన బొమ్మలను హెండ్రిక్ గోల్ట్‌జియస్ 1588లో రాగి మీద చెక్కాడు. హెచ్, జి కలిసిన ఆ గుర్తు గోల్ట్‌జియస్‌దే. మిగతా ముగ్గురు టాంటలస్, ఫేథన్, ఇక్సియాన్. టాంటలస్ సొంత కొడుకును వండి దేవతలకు వడ్డించినవాడు. ఫేథన్ సూర్యుడి కొడుకు, తండ్రి రథం ఒక్కరోజు తోలుతానని పట్టుబట్టి గుర్రాలను అదుపు చేయలేక భూమికి నిప్పంటించి, దేవతల రాజు జూపిటర్ పిడుగుకు కూలిపోయినవాడు. ఇక్సియాన్ దేవతల రాణి జూనో మీద కన్నేసినవాడు. శచీదేవిని కోరి ఇంద్రపదవి పోగొట్టుకున్న నహుషుడు మనకు తెలుసు కదా, అచ్చం ఆ మనిషే. అర్హత లేని చోటికి ఎక్కబోయి పడిపోయిన నలుగురు అన్నమాట. నాలుగు ప్రింట్లూ పక్కపక్కన పెట్టి చూస్తే, పడుతున్న ఒకే దేహాన్ని నాలుగు వైపుల నుంచి తిప్పి చూపినట్టు ఉంటుంది. కార్నెలిస్ వేసిన రంగుల చిత్రాల్లో ఇక్సియాన్ ఒక్కటే ఇప్పుడు మిగిలింది, అది రాటర్‌డామ్‌లో ఉంది. మిగతా మూడు పడిపోవడాలు మనకు దక్కింది ఈ రాగిరేకుల వల్లే.

అంచు వెంబడి ఉన్న లాటిన్ వాక్యాల సారం ఇది: తెలివి దేవుడిచ్చిన వరం, తెలుసుకోవాలన్న కోరిక కూడా దైవగుణమే, కానీ ఎవరి హద్దులో వాళ్లు ఉండటమే న్యాయం, తనకే అన్నీ తెలుసనుకున్న ఇకారస్ చివరికి ఇకారియన్ నీళ్లకు తన పేరు ఇచ్చాడు. ఈ పద్యంలో 'తెలుసుకోవాలన్న కోరిక దైవగుణం' అన్న మాట నాకు చాలా ఇష్టం. తిట్టే ముందు పిల్లవాడి పక్షాన ఒక్క మాట చెప్పారు.

ఇప్పుడు గీత సంగతి. అసలైన మాట ఇక్కడే ఉంది.

మీ ఇంట్లో మంచి భూతద్దం ఉంటే ఇకారస్ పొట్ట మీదో తొడ మీదో పెట్టి చూడండి. మామూలు కంటికి బూడిద రంగు నీడలా కనిపించేది నిజానికి నీడ కాదు, వంపు తిరిగిన గీతల వరస. ఒక్కో గీత సన్నగా, వెంట్రుకలా మొదలై, కండ ఉబ్బిన చోట లావెక్కి, మళ్లీ సన్నబడి మాయమవుతుంది. ఒక వరసను ఇంకో వరస ఏటవాలుగా కోస్తుంది. అప్పుడు ఏర్పడే సన్నని డైమండ్ గళ్లలో, బాగా నీడగా ఉన్న చోట, ఒక్కో గడిలో ఒక్కో చుక్క ఉంటుంది. గోల్ట్‌జియస్ చేతివాటం అంటే అదే. ఆయనకు ముందు కూడా గీతను లావు సన్నం చేసినవాళ్లు ఉన్నారు, కానీ ఒక్క గీతతో కండను తడిమి చూపించడం ఇంత దూరం ఎవరూ తీసుకుపోలేదు.

అది ఎలా వస్తుందో చెప్తాను. చెక్కే పనిముట్టు పేరు బ్యూరిన్. కొన్ని మిల్లీమీటర్ల మందమే ఉండే ఉక్కు కడ్డీ, కొన ఏటవాలుగా అరగదీసి ఉంటుంది, వెనక పుట్టగొడుగు ఆకారంలో చెక్క పిడి. పిడి అరచేతి గుంటలో కూర్చుంటుంది. రాగి రేకును ఇసుక నింపిన తోలు దిండు మీద పెడతారు. వంపు గీత కావాలంటే బ్యూరిన్ తిప్పరు, ఎడమ చేత్తో రేకునే తిప్పుతారు. కుడి చెయ్యి ముందుకు నెడుతూ ఉంటుంది, అంతే. కొంచెం కిందికి నొక్కితే కొన లోతుకు దిగుతుంది. గాడి అడుగున సన్నగా, పైన వెడల్పుగా ఉంటుంది కాబట్టి లోతు పెరిగిన చోట వెడల్పూ పెరుగుతుంది. ఒత్తిడి తగ్గిస్తే గీత సన్నబడుతుంది. రాగి సన్నని తీగలా చుట్టుకుంటూ పైకి లేస్తుంది, ఆ తీగలను గీకి తీసేయాలి. చెక్కడం అయ్యాక రేకంతా సిరా పూసి, పైన ఉన్న సిరా గుడ్డతో తుడిచేస్తే గాళ్లలో ఉన్నది మాత్రం మిగులుతుంది. తడిపిన కాగితం దాని మీద పరిచి రోలర్ల మధ్య గట్టిగా నొక్కితే కాగితం గాళ్లలోకి దిగి సిరాను పైకి లాక్కుంటుంది.

చేరిన మొదటి ఏడాదే బ్యూరిన్ జారి నా ఎడమ బొటనవేలి మొదట్లో దిగింది. ఆ మచ్చ ఇప్పటికీ ఉంది. రాగి మీద చెక్కేవాళ్ల ఎడమ చెయ్యి చూస్తే చాలామందికి ఇలాంటి గుర్తు ఒకటి కనిపిస్తుంది. జారిన గీతను చెరపడం అంటే రేకు గీకి, నునుపు చేసి, వెనక నుంచి సుత్తితో కొట్టి ఎత్తు సరిచేయాలి. ఒక పూట పోతుంది. అందుకని గోల్ట్‌జియస్ ఒకే ఊపులో లాగిన పొడవాటి గీత చూసినప్పుడల్లా నా చెయ్యి కొంచెం బిగుసుకుంటుంది.

రాగిరేకు అంటే మనకు ముందు గుర్తొచ్చేది తాళ్లపాక వారి రేకులు. అన్నమయ్య కీర్తనలు తిరుమలలో రాగి మీదే చెక్కి దాచారు. కానీ అవి రేకు మీదే చదువుకోవడానికి, కాబట్టి అక్షరాలు సూటిగా ఉంటాయి. ప్రింటు తీసే రేకు మీద అక్షరాలు అద్దంలో చూసినట్టు తిరగేసి చెక్కాలి, రబ్బరు స్టాంపులా. మీ బొమ్మ అంచున గుండ్రంగా తిరిగే ఆ లాటిన్ పద్యాన్ని అక్షరం అక్షరం ఎదురు దిక్కులో, అదీ వంపు మీద చెక్కారు.

గోల్ట్‌జియస్ చేతి గురించి చెప్పకపోతే ఈ బొమ్మ సగమే చూసినట్టు. ఆయన 1558లో, డచ్ సరిహద్దుకు దగ్గర్లో ఉన్న జర్మన్ ఊరు బ్రాఖ్ట్‌లో పుట్టాడు. పాకే వయసులో నిప్పుల్లో పడి రెండు చేతులూ కాలాయి. కుడి చేతి నరాలు బిగుసుకుపోయి, వేళ్లు పూర్తిగా తెరుచుకునేవి కావు. ఈ సంగతి ఆయన స్నేహితుడు, చిత్రకారుడు కారెల్ వాన్ మాండర్ 1604లో అచ్చయిన తన పుస్తకంలో రాశాడు. వంకర తిరిగిన ఆ కుడిచేతినే గోల్ట్‌జియస్ 1588లో కలంతో గీశాడు. ఇకారస్ చెక్కిన సంవత్సరమే అది. ఆ బొమ్మ ఇప్పుడు హార్లెమ్‌లో టేలర్స్ మ్యూజియంలో ఉంది. మీరు అక్కడికి దగ్గర్లోనే ఉన్నారు. కాగితం మీద గీసినవి ఎక్కువ రోజులు వెలుతురులో ఉంచరు కాబట్టి చూపిస్తున్నారో లేదో ముందే కనుక్కుని వెళ్లండి. తెరుచుకోని చెయ్యి బ్యూరిన్‌కు బాగా కుదిరిందని, వేళ్లతో కాకుండా భుజం బలంతో నెట్టడం వల్లే ఆయన గీతకు ఆ ఊపు వచ్చిందని చాలామంది చెప్తారు. చెక్కి చూసినవాడిగా అది నిజమేనని నాకు అనిపిస్తుంది. విద్యార్థులకు నేను రోజూ చెప్పిన మాట ఒకటే: వేళ్లతో నెట్టొద్దు, భుజంతో నెట్టండి.

వాన్ మాండర్ ఇంకో ముచ్చట చెప్పాడు. 1590లో గోల్ట్‌జియస్ ఇటలీ ప్రయాణం కట్టాడు. అప్పటికే పేరు మోసిన మనిషి. ఎవరూ గుర్తుపట్టకూడదని మారుపేరుతో తిరిగాడు. దారిలో తోడైన వాన్ వింగెన్ అనే పండితుడు, ఈ మనిషే గోల్ట్‌జియస్ అని చెప్తే నమ్మలేదు. అప్పుడు ఆయన తన వంకర కుడిచేతిని చాపి చూపించి, జేబురుమాలు తీసి దాని మీద కుట్టిన గుర్తు చూపించాడట. హెచ్, జి కలిసిన గుర్తు. మీ ప్రింటు మీద ఉన్నదే.

కండల సంగతి అడిగారు. మన దేవుళ్ల బొమ్మల్లో కండలు ఉండవు, ఒళ్లు నున్నగా ఉంటుంది, కాబట్టి మనకు ఇవి వింతగా తోస్తాయి. గ్రీకు, రోమన్ శిల్పాల్లో నగ్నదేహం వీరుడి గుర్తు, అవమానం కాదు. 15వ, 16వ శతాబ్దాల్లో రోములో నేలలోంచి అలాంటి శిల్పాలు బయటపడుతుంటే చిత్రకారులు వాటి ముందు కూర్చుని గీసుకున్నారు. అయితే 1580లలో హార్లెమ్‌లో వచ్చిన కండలు ఇంకో మెట్టు పైకి పోయాయి. ప్రాగ్‌లో రెండో రుడాల్ఫ్ చక్రవర్తి ఆస్థానంలో బార్తొలొమేయస్ స్ప్రాంగర్ అనే చిత్రకారుడు ఉండేవాడు. మెలితిరిగిన పొడవాటి దేహాలు ఆయన ప్రత్యేకత. ఆయన డ్రాయింగులను వాన్ మాండర్ హార్లెమ్‌కు తెచ్చి గోల్ట్‌జియస్‌కు చూపించాడు. 1587లో గోల్ట్‌జియస్ చెక్కిన ప్రేమదేవుడు క్యుపిడ్, అతను మనసిచ్చిన సైకీల పెళ్లి బొమ్మ స్ప్రాంగర్ డ్రాయింగే. మూడు రాగిరేకులు కలిపితే గానీ ఆ బొమ్మ పూర్తవదు, మేఘాల మీద దేవతల గుంపు కిక్కిరిసి ఉంటుంది. 1589 నాటి పెద్ద హెర్క్యులిస్ (గ్రీకు కథల్లో మన భీముడి లాంటి బలశాలి) అయితే ఒళ్లంతా కండలు గడ్డల్లా పొడుచుకొచ్చి, బంగాళదుంపల బస్తా గుర్తొస్తుంది. డచ్చివాళ్లు కూడా దాన్ని దుంపల మనిషి అన్న అర్థం వచ్చే పేరుతోనే పిలుస్తారు.

ఇటలీ వెళ్లొచ్చాక ఆయన చెయ్యి నెమ్మదించింది. రోములో చూసిన ఫర్నీస్ హెర్క్యులిస్ విగ్రహాన్ని వెనకవైపు నుంచి చెక్కాడు. కింద ఇద్దరు మనుషులు తలెత్తి చూస్తుంటారు, మనకు హెర్క్యులిస్ వీపు, వాళ్లకు ముఖం. వెనక దాచుకున్న చేతిలో ఆపిల్ పండ్లు మనకు మాత్రమే కనిపిస్తాయి. ఈ ప్రింటు బయటికి వచ్చింది 1617లో, ఆయన పోయాక. నన్నడిగితే ఆయన చెక్కినవాటిలో అన్నిటికంటే గొప్పది అదే, మీ ఇకారస్ కంటే కూడా.

ఇక పాతదా కాదా.

ముందు ఒక హెచ్చరిక. కాగితం పసుపుపచ్చగా ఉంది, మరకలున్నాయి అన్నంత మాత్రాన పాతదని నమ్మొద్దు. దీనికి సాక్షి గోల్ట్‌జియసే. 1594లో ఆయన, తనకు ముందు తరాల జర్మన్ చిత్రకారుడు డ్యూరర్ పద్ధతిలో ఒక క్రైస్తవ కథ చెక్కాడు. అందులో తన ముఖాన్నీ, తన గుర్తునూ ఉంచి, కొన్ని ప్రతుల్లో ఆ రెండు చోట్లా కాల్చేసి, కాగితానికి పొగ పట్టించి ముసలిదాన్ని చేశాడు. రోములో, వెనిస్‌లో పెద్ద పెద్ద కలెక్టర్లు ఇది ఇన్నాళ్లూ ఎక్కడో దాగిపోయిన డ్యూరర్ పనేనని ఎక్కువ ధర పెట్టి కొన్నారని వాన్ మాండర్ రాశాడు. పొగ పట్టించిన కాగితాన్ని చూసి పండితులే మోసపోయారు, మనమెంత.

భూతద్దంతో మొదట చూడాల్సింది చుక్కలు. అంటే గోల్ట్‌జియస్ గడిలో పెట్టిన చుక్కలు కాదు. బొమ్మంతా, గీతల లోపల కూడా, న్యూస్‌పేపర్ ఫోటోలో ఉన్నట్టు సమానమైన వరసల్లో చిన్న చిన్న చుక్కలు ఉంటే అది హాఫ్‌టోన్. 19వ శతాబ్దం చివర్లో వచ్చిన పద్ధతి. మీది పుస్తకం పేజీయే, ఇంకేమీ చూడక్కర్లేదు. చుక్కలు లేకుండా గీత నిండుగా నల్లగా ఉంటే, దాని కొస చూడండి. చెక్కిన గీత కొస వరికంకి కొసలా సూదిగా తేలిపోతుంది. ఆమ్లంతో తినిపించిన గీత, ఎచింగ్ అంటాం, కొసలో మొద్దుగా ఆగిపోతుంది. చెక్క అచ్చులో సంగతి పూర్తిగా తిరగబడుతుంది. అక్కడ గీత చుట్టూ ఉన్న చెక్క తీసేస్తారు, గీత పైకి మిగులుతుంది, కాబట్టి ఆ గీత సిరాతో సహా కాగితంలోకి నొక్కుకుపోతుంది. రాగిరేకులో సిరా కాగితం మీద పేరుకుని నిలబడుతుంది. శుభ్రమైన వేలితో తడిమితే తెలుస్తుందని కొందరు అంటారు, మీరు మాత్రం ఆ పని చేయొద్దు. గదిలో లైట్లు తీసేసి, టార్చి ఒక పక్కనుంచి ఏటవాలుగా కొట్టండి. నల్లటి గీతలు దారం పోగుల్లా పైకి లేచి కనిపిస్తాయి.

అయినా ఇక్కడ ఒక చిక్కు ఉంది. 19వ శతాబ్దంలో ఫోటో సాయంతో రాగి మీదే పాత ప్రింట్లను తిరిగి చేసేవాళ్లు. పారిస్‌లో అమాండ్-డ్యూరాండ్ డ్యూరర్, రెంబ్రాంట్ ప్రింట్లకు ఇలాంటి నకళ్లు తీశాడు. అవి మోసం కోసం చేసినవి కావు, వెనక స్టాంపు వేసేవాడు. కానీ స్టాంపు గీకేస్తే తడబడక తప్పదు. వాటిలో గీత నిజంగానే పైకి లేచి ఉంటుంది. కాబట్టి తరవాత చూడాల్సింది కాగితం. పగటిపూట కిటికీకి ఎదురుగా పట్టుకోండి. 1588 నాటి కాగితం పాత గుడ్డపీలికలు నానబెట్టి, దంచి, తీగల జల్లెడతో ఒక్కో షీటుగా ఎత్తినది. ఆ తీగల ముద్ర వెలుతురులో కనిపిస్తుంది. ఒకవైపు దగ్గర దగ్గరగా సన్నని గీతలు, వాటికి అడ్డంగా రెండు మూడు సెంటీమీటర్ల దూరంలో లావు గీతలు. మధ్యలో ఎక్కడైనా కుండో, కిరీటమో, ద్రాక్షగుత్తో, అక్షరాలో నీడలా కనిపిస్తే అది కాగితం చేసినవాళ్ల వాటర్‌మార్క్, దాని ఫోటో తప్పకుండా తీయండి. తీగల గీతలేవీ లేకుండా కాగితం నునుపుగా, మబ్బులా కనిపిస్తే అది 1750ల తరవాతి కాగితం. అంటే మీది తరవాతి కాలం ప్రతి, లేదా నకలు.

రేకు అంచు కాగితంలో నొక్కుకుపోయిన గాడి కోసం కూడా వెతుకుతారు. మీకు కనిపించకపోతే కంగారు పడొద్దు. పాత కలెక్టర్లు ఆల్బమ్‌లో అతికించుకోవడానికి బొమ్మ అంచు దాకా కాగితం కత్తిరించేయడం మామూలే. గుండ్రటి ప్రింట్లకు ఇది మరీ ఎక్కువ.

నకలు సంగతికి వస్తే, ఆ రోజుల్లో ఒకరి బొమ్మను ఇంకొకరు చెక్కుకోవడం రివాజు. ఫ్రాన్స్‌లోని లియోన్‌లో 1557లో ఓవిడ్ కథలకు బెర్నార్ సాలమన్ చేసిన 178 చిన్న చెక్క అచ్చు బొమ్మలు వచ్చాయి. ఆరేళ్లు తిరక్కుండానే, 1563లో, ఫ్రాంక్‌ఫర్ట్‌లో వర్జిల్ సోలిస్ వాటిని చూసి చెక్కిన బొమ్మలు పుస్తకంగా వచ్చాయి. ఉన్నది ఉన్నట్టు చెక్క మీద చెక్కేశాడు కాబట్టి అచ్చులో కుడి ఎడమైంది. అప్పటి నుంచి జర్మనీలో చాలామంది కళ్లలో ఫేథన్ రథం ఒక దిక్కుకు కూలితే, ఫ్రాన్స్‌లో ఇంకో దిక్కుకు కూలింది. వీరుడు ఎడమ చేత్తో కత్తి పట్టుకున్నాడంటే ముందు నకలేమోనని అనుమానించాలి. మీరు చేయాల్సింది తేలికే. ఆమ్‌స్టర్‌డామ్‌లోని రైక్స్‌మ్యూజియం తన ప్రింట్ల ఫోటోలు పెద్ద సైజులో ఉచితంగా ఆన్‌లైన్‌లో పెట్టింది. గోల్ట్‌జియస్ పేరు, 1588 అని వెతికి ఇకారస్ తెరవండి. మీ ప్రింటు పక్కన పెట్టుకుని ఒక చిన్న చోటు తీసుకోండి, ఈకలు కట్టిన చోటు అనుకుందాం, గీతలు లెక్కపెట్టండి. నకలు చేసేవాడు ఆకారం పట్టుకుంటాడు గానీ ప్రతి గీతా పట్టుకోలేడు. పాత ప్రింట్లకు బార్ట్ష్ అనే ఆయన వేసిన జాబితా ఉంది, అందులో ఈ నాలుగూ 258 నుంచి 261 వరకు, వాటినే బార్ట్ష్ నంబర్లు అంటారు. డీలర్లతో మాట్లాడేటప్పుడు ఆ నంబరు చెప్తే మీకు విషయం తెలుసని వాళ్లకు అర్థమవుతుంది.

ఇంకో మాట, అంచున ఉండే చిన్న లాటిన్ పదాలు చదవడం నేర్చుకోండి. జీవితాంతం పనికొస్తుంది. 'ఇన్వెనిట్' అంటే బొమ్మను ఊహించినవాడు, 'పింక్సిట్' అంటే రంగుల్లో వేసినవాడు, 'స్కల్ప్‌సిట్' అంటే రేకు మీద చెక్కినవాడు, 'ఎక్స్‌కుడిట్' అంటే అచ్చేసి అమ్మినవాడు. ఒకే ప్రింటు మీద ముగ్గురు నలుగురు కనిపిస్తారు. చెక్కినవాడు పోయాక కూడా రేకు చేతులు మారేది, కొత్త యజమాని తన పేరు చెక్కించి మళ్లీ అచ్చేసేవాడు. రాగి మెత్తటి లోహం. ప్రతిసారీ తుడిచి, నొక్కేసరికి గాళ్లు అరిగిపోతాయి. ముందు పోయేవి ఆ సన్నని గీతల కొసలు, గళ్ల మధ్య చుక్కలు. కొన్ని వందల ప్రతుల తరవాత ఇకారస్ పొట్ట పాలిపోతుంది, కండ చదునవుతుంది.

ఇదంతా పాత వస్తువుల మోజు అనుకునేవాళ్లకు ఒక్క ఉదాహరణ చెప్తాను. ఇటలీ చిత్రకారుడు రఫేల్ గీసిన పారిస్ తీర్పు బొమ్మను మార్కాంటోనియో రైమోండి 1510లలో చెక్కాడు. ముగ్గురు దేవతల్లో అందగత్తె ఎవరో ట్రాయ్ రాజకుమారుడు పారిస్ తేల్చే కథ, ట్రాయ్ యుద్ధానికి మొదలు అదే. రఫేల్ అసలు డ్రాయింగు ఇప్పుడు లేదు, ప్రింటు ఉంది. దాని కుడివైపు కింద మూలన ఇద్దరు నదీదేవతలు, ఒక జలకన్య కూర్చుని ఉంటారు. మూడున్నర శతాబ్దాల తరవాత, 1863లో, పారిస్ నగరంలో ఫ్రెంచ్ చిత్రకారుడు మానే ఆ ముగ్గురి భంగిమలనే యథాతథంగా తీసుకుని, మగవాళ్లిద్దరికీ కోట్లు తొడిగి, ఆడమనిషిని మాత్రం నగ్నంగానే ఉంచి, పచ్చిక మీద భోజనం చిత్రంలో కూర్చోబెట్టాడు. ఊరంతా గగ్గోలు పెట్టింది. మనకూ ఇలాంటిదే జరిగింది. 1894లో ముంబైలో రవివర్మ ప్రెస్ మొదలయ్యాక ఆ లక్ష్మి, ఆ సరస్వతి ప్రింట్ల రూపంలో తెలుగు ఇళ్లకు కూడా వచ్చి గోడలెక్కారు. మా అమ్మమ్మ కళ్లు మూసుకుని దండం పెట్టుకునేటప్పుడు ఆమె మనసులో ఉన్న ముఖం రవివర్మ లక్ష్మిదే అని నా నమ్మకం. యూరప్‌లో చదువుకున్నవాళ్ల మనసుల్లో ఇకారస్‌కు, డయానాకు, హెర్క్యులిస్‌కు ముఖాలిచ్చింది ఈ నల్ల గీతలే.

ఫ్రేము తొందరపడి కట్టించొద్దు. మా గురువుగారు నాకిచ్చిన ఒక పాత ప్రింటును ఒక ఫ్రేముల షాపులో ఇచ్చి, పక్కన ఉండకుండా ఇంటికి వచ్చేశాను. వాళ్లు ఫ్రేముకు సరిపోవడం లేదని అంచు కోసేసి, బొమ్మను గమ్ముతో అట్టకు అతికించేశారు. ఆ గమ్ము మూడేళ్లలో కాగితాన్ని గోధుమరంగు చేసింది. ఇప్పటికీ ఆ అట్ట చూస్తే మనసు చివుక్కుమంటుంది. కాబట్టి మీరు అంచు మిల్లీమీటరు కూడా కొయ్యనివ్వొద్దు. లామినేషన్ వద్దు, సెల్లో టేపు వద్దు, తడిగుడ్డతో తుడవడం వద్దు. మరకలు తీస్తామనేవాళ్లకు అసలే ఇవ్వొద్దు. యాసిడ్ లేని మౌంటు అట్ట అడగండి, పైన రెండు చోట్ల మాత్రం పలచటి జపాన్ కాగితం ముక్కలతో, గోధుమ గంజి జిగురుతో తగిలించమనండి, ఎప్పుడు కావాలంటే అప్పుడు ఊడివచ్చేలా. అద్దం ప్రింటుకు ఆనుకోకూడదు. ఎండ పడే గోడ వద్దు. అంతవరకూ ఆల్బమ్‌లా చదునుగా, శుభ్రమైన రెండు అట్టల మధ్య ఉంచండి.

ధర నేను చెప్పను. ప్రతి ఎంత ముందుదో, కాగితం ఎలా ఉందో చేతిలో పట్టుకుని చూస్తే గానీ ఎవరూ చెప్పలేరు. ఫోటో చూసి చెప్తామన్న వాళ్లకు అమ్మకండి. రైక్స్‌మ్యూజియంకు ప్రింట్లు చూసుకునే స్టడీ రూమ్ ఉంది. ముందుగా రాసి అపాయింట్‌మెంట్ తీసుకుంటే వాళ్ల దగ్గరున్న ఇకారస్‌ను బల్ల మీద పెట్టి చూపిస్తారు. మంచి ప్రతి ఎంత నల్లగా ఉంటుందో ఒక్కసారి కళ్లతో చూసొస్తే మీ ప్రింటు గురించి సగం ప్రశ్నలు మీకే తీరిపోతాయి.

ఈలోగా రెండు ఫోటోలు పెట్టండి. ఒకటి కిటికీకి ఎదురుగా పట్టుకుని, కాగితంలోంచి వెలుతురు వచ్చేలా. రెండోది ఇకారస్ ఛాతీ కింద బాగా నీడ పడిన చోటు, ఫోన్ కెమెరాకు భూతద్దం అడ్డుపెట్టి, టార్చి పక్కనుంచి. ఆ గళ్లలో చుక్కలు ఉన్నాయో, అరిగిపోయాయో, అసలు చెక్కనే లేదో చూడాలి నేను.